మినహాయింపులు పరీక్షలో రావు

నెత్తి నెరిసేదాకా మనుషులకు బట్టలు కుట్టిన ఇస్తారి, చివరికి ఒక మొక్కకు అంగీ కుట్టాడు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. అప్పట్లో ఆ ఇంట్లో నవ్వే ఓపిక ఎవరికీ లేదు.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఆయన కుట్టుమిషను. హాస్టల్ పిల్లల ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, ఇంటర్వ్యూలకు పోయేవాళ్ల చొక్కాలు సైజు చేయడం ఆయన పని. తాతలు సిరిసిల్లలో మగ్గం నేసినవాళ్లు. మగ్గం కూడు పెట్టడం మానేశాక ఈయన కత్తెర పట్టుకుని పట్నం వచ్చాడు. ఇల్లు పంజాగుట్టలో, ఒక పాత మేడ నెత్తిన. దాన్ని పెంట్‌హౌస్ అంటాడు ఇంటి ఓనరు. రేకుల కింద రెండు గదులు, ముందు కాస్త ఖాళీ మిద్దె, అంతే. మిద్దె మీద పాత రంగు డబ్బాల్లో తులసి, కరివేపాకు, బంతి ఉన్నాయి. బంతి పక్కన ఆ మొక్క.

మిగిలిపోయిన లైనింగు ముక్కలు అతికి, అడుగున బొందెతాడు పెట్టి, సంచిలాంటి అంగీ ఒకటి కుట్టాడు ఇస్తారి. పొద్దున్నే ఎండ తగలాలని విప్పేవాడు. ఎదురు మేడ ఆడవాళ్లు బట్టలు ఆరేయడానికి ఎక్కే వేళకు మళ్లీ తొడిగేవాడు. మొక్క ఎదిగినకొద్దీ అంగీకి ముక్క అతికి పొడుగు చేసేవాడు. ఎవరైనా అడిగితే బంతి అనేవాడు. చిన్నప్పుడు దాని ఆకు బంతాకులాగే ఉంటుంది కాబట్టి కొన్నాళ్లు ఆ మాట చెల్లింది.

అది గంజాయి మొక్క.

దాన్ని తెచ్చింది సీతాబాయి. ఇస్తారి భార్య రాజమణికి ఆమె చిన్నమ్మ, ఆదిలాబాద్ దిక్కు మనిషి. రాజమణికి రొమ్ములో మొదలైన కాన్సరు ఎముకల్లోకి పాకింది. ఆస్పత్రి వాళ్లు చేయగలిగింది చేసి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నొప్పికి రాసిచ్చిన గోలీలు మింగితే కడుపులో మంట తప్ప నొప్పి తగ్గేది కాదు. పక్క మీద అటు తిరిగితే వెన్ను, ఇటు తిరిగితే తుంటి. చూడటానికి వచ్చిన సీతాబాయి ఒక పూట కూర్చుంది, చూసింది, వెళ్లిపోయింది. మళ్లీ వచ్చినప్పుడు ఆమె సంచిలో తడిగుడ్డ చుట్టిన మొక్క ఒకటి, గుప్పెడు ఎండాకు ఉన్నాయి.

"మా దిక్కు నొప్పులకు గిదే," అంది. "ఆకు పాలల్ల ఉడకవెట్టి, వడవోసి ఇయ్యి. పువ్వు జోలికి పోకు. ఆకే చాలు."

ఇస్తారి ఆ పాలు కాచి ఇచ్చాడు. రాజమణి నిద్రపోయింది. ఏదో కళ్లు మూసుకోవడం కాదు, నోరు తెరిచి, చిన్నగా గురక పెడుతూ మధ్యాహ్నమంతా పడుకుంది. ఇస్తారి షాపుకు పోకుండా గుమ్మంలో కూర్చుని ఆ గురక విన్నాడు. లేచాక ఆమె జొన్నరొట్టె అడిగింది. తర్వాతి రోజుల్లో, "ఖాళీగ పండుకుంటే బుద్ధి అవుతలేదు, గా షర్ట్లు ఇయ్యి, కాజాలు కుడత" అని సూది కూడా అందుకుంది. రోగం తగ్గలేదు. అది తగ్గేది కాదని అందరికీ తెలుసు. నొప్పి కాస్త దూరం జరిగి కూర్చుంది, అంతే. ఆ అంతే ఎంతో, పక్కన ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

ఇదంతా బిందుకు ఆలస్యంగా తెలిసింది. బిందు వాళ్ల ఒక్కగానొక్క కూతురు. ఎస్సై ఉద్యోగానికి చదువుతూ రోజంతా అమీర్‌పేటలోనే ఉండేది, పొద్దున క్లాసు, తర్వాత రీడింగ్ హాలు. అమ్మ నిద్రపోతుంటే, తింటుంటే, కొత్త గోలీలేవో పనిచేస్తున్నాయనుకుంది. ఒక ఆదివారం తలంటుకుని జుట్టు ఆరబెట్టుకోవడానికి మిద్దె మీదికి వచ్చి, అంగీ తొడుక్కున్న బంతిని చూసింది.

"బాపు, గిదేంది?"

"బంతి చెట్టే బిడ్డా. కొత్త రకం."

"బంతి చెట్టుకు అంగీ ఎందుకు?"

ఇస్తారి జవాబు వెతుక్కుంటుండగానే బిందు బొందెతాడు లాగింది. చూడగానే గుర్తుపట్టింది. వాళ్ల కోచింగ్ పుస్తకంలో దాని బొమ్మ ఉంది.

"నీకేమన్న దిమాక్ ఖరాబైందా బాపు? ఇది ఒక్క చెట్టున్నా జైలే!"

"గట్లెట్లయితది?" అన్నాడు ఇస్తారి, నిజంగానే ఆశ్చర్యపడి. "రోగం ఉన్నోళ్లు ఇంట్ల పెట్టుకోవచ్చంట గద. షాపుకొచ్చే హాస్టల్ పిలగాడు జెప్పిండు, ఫోన్ల సుత సూపిచ్చిండు. డాక్టర్ చిట్టీ ఉండాలె. ఇంటికి ఇన్ని చెట్లే అని లెక్కుంటదంట. తొవ్వ మీద పోయేటోళ్లకు కనవడొద్దు, చిన్న పిల్లలకు అందొద్దు, ఎవ్వలకు అమ్మొద్దు. గన్నే."

"అది వేరే దేశం ముచ్చట బాపు!"

"ఏ దేశమైతేంది? నేను సుత గట్లనే జేస్తున్న గద. ఒక్కటే చెట్టు. ఎవ్వలకు కనవడకుండ అంగీ తొడిగిన. ఒక్క ఆకు ఎవ్వలకియ్యలే. డాక్టర్ చిట్టీలన్ని గా సంచిలనే ఉన్నయి."

బిందుకు అప్పుడు అర్థమైంది. తండ్రి దొంగపని చేయడం లేదు. ఏ దేశానిదో ఒక చట్టాన్ని, అది తనదే అనుకుని, అక్షరం పొల్లు పోకుండా పాటిస్తున్నాడు. పంజాగుట్టలో మిద్దె మీద కూర్చుని అంత నిష్ఠగా ఆ చట్టాన్ని పాటించినవాడు ఆ దేశంలోనైనా ఉన్నాడో లేడో.

"మనకు లేదు బాపు గా రూలు. రోగి అయినా సరే, ఎవలైనా సరే. ఒక్క చెట్టు పెట్టినా పదేండ్లదాంక పడొచ్చు."

ఈ మాట ఆమెకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. పరీక్షలో ఏ మూల నుంచి ఏ బిట్టు వస్తుందో తెలియదని ఆ సెంటర్లో చట్టాలను కూడా బిట్లుగా నూరి పోసేవాళ్లు. అవి చెప్పే సూర్యనారాయణ సారు కాకినాడ నుంచి వచ్చినాయన. గొంతు మైకు అక్కర్లేనిది. "సాగు చేస్తే సెక్షనెంత? శిక్షెంత? అంతే మీక్కావాల్సింది. కింద చిన్నక్షరాల్లో మినహాయింపులు ఉంటాయి చూడండి, అవి పరీక్షలో రావండీ. వాటితో బుర్ర పాడు చేసుకోకుండా పెన్నుతో కొట్టేయండి!" అనేవాడు. హాలు నిండా పిల్లలు పెన్నులు తీసి బరబరా కొట్టేసేవాళ్లు. బిందు స్కేలు పెట్టి మరీ కొట్టేసింది. శుభ్రమైన పిల్ల.

ఆ ఆదివారం ఆమె మొక్కను పీకించలేదు. లోపల తల్లి పడుకుని ఉంది. కాజాలు కుట్టిన చొక్కాలు పక్కన మడతపెట్టి ఉన్నాయి. బిందు తానే అంగీని మళ్లీ తొడిగి బొందెతాడు ముడివేసింది. ఇస్తారి కూతురి వైపు చూసి కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ దాని ఊసెత్తలేదు.

ఫలితాలు వచ్చాయి. బిందు ఎస్సైగా సెలెక్టయింది. ఇస్తారి సందులో అందరికీ మిఠాయి పంచాడు. రాజమణి పక్క మీద లేచి కూర్చుని బిడ్డ ముఖాన్ని రెండు చేతులా నిమిరి మెటికలు విరిచింది. "మస్తు దిష్టి తగులుతది, జర ఉప్పు తియ్యాలె," అంది. ఆ ఇంట్లో అంత సంతోషం అంతకుముందు లేదు, ఆ తర్వాత కూడా లేదు.

సంతోషం వెనకే భయం వచ్చింది. ఉద్యోగం చేతికి అందాలంటే ముందు పోలీసు వెరిఫికేషన్. ఇంటికి మనిషి వస్తాడు, ఇరుగుపొరుగును అడుగుతాడు, ఇల్లంతా చూస్తాడు. చూస్తాడనే బిందు నమ్మింది. ఎస్సై కాబోయే పిల్ల ఇంటి మిద్దె మీద గంజాయి మొక్క! ఉద్యోగం సంగతి అటుంచి, తండ్రికి సంకెళ్లు.

రీడింగ్ హాల్లో ఆమె పక్కన కూర్చునే లోయిస్‌కు ఒక్కదానికే ఈ సంగతి చెప్పింది. లోయిస్ ఎర్రమంజిల్ పిల్ల, ఈసారి సెలెక్టు కాలేదు, అయినా స్నేహితురాలి కోసం సంబరపడింది.

"ఏయ్, పీకేస్తే పీకెయ్ గాని, ఆంటీకి మరేంది?" అంది లోయిస్. "మా నోయెల్ అంకుల్ సోమాజిగూడల మందుల షాపుల చేస్తుండు. పేరు చెప్పకుండ అడుగుదాం. గట్టి నొప్పికి ఇంకేమన్న ఉంటదేమో."

"వద్దు లోయిస్. అడిగినమంటే ఎందుకు అడిగినమని వస్తది. అంతా కంపు అయితది."

"గోలీ అడిగితే తప్పేంది?"

"అవన్నీ గా చట్టం కిందికే వస్తయి. నేను చదివిన కదా. నాకు తెలుసు."

నాకు తెలుసు. ఆ మాట లోయిస్ నోరు మూయించింది. సెలెక్టయిన పిల్లతో సెలెక్టు కాని పిల్ల ఏం వాదిస్తుంది?

మిట్టమధ్యాహ్నం, ఎదురు మేడ మీద ఎవరూ లేని వేళ, బిందు మొక్కను పీకింది. వేళ్లు డబ్బాలో గట్టిగా అల్లుకుని ఉన్నాయి. ఇస్తారి చేయి వేయలేదు. "నీ ఇష్టం బిడ్డా, నీకు తెల్వంది గాదు," అని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తెరిచిన తలుపులోంచి రాజమణి అంతా చూస్తూనే ఉంది.

"పీకెయ్ బిడ్డా, పీకెయ్," అంది. "నేను ఓర్సుకుంట." అడగనా వద్దా అన్నట్టు మళ్లీ అంది: "గా స్టీలు డబ్బల ఎండాకు ఉన్నది గద. అది జర ఉండనీయరాదు? అయిపోయినంక మల్ల అడగ."

బిందు వంటింట్లోకి వెళ్లి డబ్బా తీసింది. సగానికి పైగా నిండుగా ఉంది. తల్లి ఎప్పుడూ ఏదీ అడిగే మనిషి కాదు. కొత్త చీర తెస్తే, ఎందుకు తెచ్చినవని కొట్లాడే మనిషి. అలాంటి మనిషి నోరు తెరిచి అడిగింది.

"వద్దమ్మా. పొడి దొరికినా కేసే," అంది బిందు. బాత్రూంలో డబ్బా బోర్లించి, రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించి, డబ్బాను సబ్బుతో తోమింది.

వెరిఫికేషన్‌కు వచ్చినాయన పేరు శ్యాంసుందర్, బొద్దుగా ఉండే హెడ్‌కానిస్టేబుల్. మెట్లెక్కలేక ఆయాసపడి గుమ్మంలోనే కుర్చీ వేయించుకున్నాడు. మంచినీళ్లు తాగాడు, చాయ్ తాగాడు. "కేసులేమన్న ఉన్నయా అన్నా?" అని ఇస్తారిని అడిగాడు. లేవంటే లేవని రాసుకున్నాడు. మిద్దె వైపు తల కూడా తిప్పలేదు. లోపలి నుంచి మూలుగు వినిపిస్తే, "అమ్మకు బాగలేదా?" అని లేచి వెళ్లి చూశాడు. బయటికి వచ్చి బిందుతో, "మా అమ్మ సుత గిట్లనే పోయిందమ్మా. ఫికర్ జెయ్యకు, నీ పని అయిపోయింది," అని నిదానంగా మెట్లు దిగిపోయాడు. ఆయన వీపు చూస్తూ నిలబడ్డ బిందుకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

రాజమణి ఓర్చుకుంటానన్నది, ఓర్చుకుంది. మూలుగు కిందింటి వాళ్లకు వినపడకూడదని నోట్లో గుడ్డముక్క కుక్కుకునేది. ఆ గుడ్డలు ఇస్తారి షాపు నుంచి తెచ్చే మిగులు ముక్కలే. బిందు కాళ్లు పిసికేది, వేడినీళ్ల సంచి పెట్టేది, ఆస్పత్రి గోలీలు ఒకటికి రెండు మింగించేది. ఏదీ పనిచేయలేదు. తల్లి చొక్కాలు అడగడం మానేసింది, రొట్టె అడగడం మానేసింది. చివరి రోజుల్లో ఎవరినీ ఏమీ అడగలేదు. బిందు ట్రైనింగుకు పోయే ముందే, వానాకాలంలో, ఆమె పోయింది. స్నానం చేయించేటప్పుడు చూస్తే, కొరికి కొరికి కింది పెదవి చీలి ఉంది.

ట్రైనింగులో మాదకద్రవ్యాల చట్టం మీద క్లాసు జరిగిన రోజు, నొప్పి వైద్యం చేసే డాక్టర్ హరిణిని మాట్లాడటానికి పిలిచారు. సన్నగా, తొందర లేకుండా మాట్లాడే మనిషి. చివర్లో ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చన్నారు. అందరూ లంచ్ గంట కోసం చూస్తున్నారు. బిందు లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు.

"మేడమ్, ఇంట్లో కాన్సర్ పేషెంటు ఉంటే... నొప్పి కోసం ఒక్క మొక్క పెంచుకుంటే?"

"వీల్లేదు," అంది హరిణి. "కొన్ని దేశాల్లో రోగులకు అనుమతి ఉంది, మన దగ్గర లేదు. మీరు కేసు కట్టాల్సిందే. కానీ ఆ ఇంటికి వెళ్లినప్పుడు ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. రోగికి ఏ దారీ లేదని అనుకోకండి. మార్ఫిన్ గోలీలు ఉన్నాయి. గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో డాక్టరు రాస్తే చట్టప్రకారమే ఇస్తారు, ఖరీదు కూడా తక్కువే. మందు కోసం వాడితే ఆ చట్టమే ఒప్పుకుంటుంది. ఇదే ఆకుతో చేసిన ఆయుర్వేద మందులు కూడా డాక్టరు చీటీ మీద అమ్ముతున్నారు. చాలా ఇళ్లల్లో అడగడానికి భయపడి మనుషులు నొప్పితో పోతున్నారు. అదే నా బాధ."

పక్కనున్న లా ఇన్‌స్ట్రక్టర్ అందుకున్నాడు. "ఇంకో పాయింటు. గంజాయి అంటే ఆ చట్టం లెక్కలో పూత, కాయ ఉన్న కొసలు. విడిగా ఉన్న ఎండాకు, గింజ ఆ మాట కిందికి రావు. ఆకు మీద రాష్ట్రాల రూల్స్ వేరే ఉంటాయి, అవి ఉల్లంఘించొద్దు. కానీ వంటింట్లో ఇంత ఎండాకు దొరికిందని గంజాయి కేసు పెట్టారంటే కోర్టులో పరువు పోయేది మీదే."

క్లాసంతా నవ్వింది. బిందు కూర్చుంది. లంచ్ గంట మోగింది, అందరూ లేచారు, ఆమె లేవలేదు. మొక్క పీకవలసిందే, దానికి తిరుగులేదు. కానీ గోలీలు ఉన్నాయి. అడిగితే ఇచ్చేవాళ్లు. లోయిస్ అడుగుదామంది కూడా. పోనీ, ఆ డబ్బాలో ఆకైనా. అమ్మ అడిగింది, జీవితంలో ఒక్కసారి అడిగింది, కాళ్లావేళ్లా పడినట్టు అడిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. బిందు చేతులు కాల్చుకోనే లేదు, తల్లినే కాల్చింది. ఆ మాట మనసులో అనుకున్నాక ఆమె బల్ల మీద తలపెట్టి, ట్రైనీలందరూ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నా సిగ్గు లేకుండా ఏడ్చింది.

సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు ఖాకీ చొక్కా వెంట తెచ్చింది. పరుగులకు ఒళ్లు తగ్గి అది వదులైంది. ఇస్తారి ఆమెను షాపులో నిలబెట్టి, చొక్కా మీద మార్కింగు సుద్దతో గీతలు గీస్తున్నాడు. గల్లా పక్కన గోడకు రాజమణి ఫొటో, దానికి ప్లాస్టిక్ పూలదండ. బయట క్లాసు వదిలిన పిల్లల అరుపులు.

"బిడ్డా, ఒక్క మాట అడుగుత," అన్నాడు ఇస్తారి, గీత గీస్తూనే. "ఎవ్వలతోని అనలే ఇన్నొద్దులు. నీకిప్పుడు చట్టాలన్ని మంచిగ తెలిసినయి గద. మీ అమ్మకు... గా చెట్టు గాకుంట, సర్కారు ఒప్పుకునే మందు ఏదన్న ఉండెనా? మనం అడగకపోతిమా అని నాకు ఒక్కటే రంది. కన్ను మూస్తే ఆ పెదివే కనవడుతది."

బిందు తండ్రి ముఖం చూసింది. గడ్డం గీసుకోక ఎన్నాళ్లయిందో. నిజం చెప్పాలి. చెప్పడానికే నోరు తెరిచింది. చెప్తే తన బరువు సగం దిగుతుంది, ఆ సగం పోయి ఈయన నెత్తిన కూర్చుంటుంది.

"లేదు బాపు. ఏం లేకుండె," అంది.

ఇస్తారి సుద్ద పక్కన పెట్టి, ఎన్నాళ్ల నుంచో బిగబట్టిన ఊపిరి వదిలాడు.

"నేను సుత గట్లనే అనుకున్న," అన్నాడు. "ఉంటే నువ్వు తేకపోదువా? సదువుకున్న బిడ్డవు, నీకు తెల్వకుంట ఉంటదా? ఉత్తగనే రంది పెట్టుకున్న. జర చెయ్యి లేపు."

బిందు చేయి పైకెత్తింది. ఇస్తారి చంక కింద వదులుగా ఉన్న గుడ్డను పట్టి, జాగ్రత్తగా గుండుసూది గుచ్చాడు.